ఊరు కట్టిన రోజుల్లో బస్సు సర్వే

2017 మార్చి రెండో వారంలో మా డిపో మేనేజరు నన్ను తన గదికి పిలిచి కొండవానివలస రూటు సర్వే అప్పగించారు. అప్పటికి నేను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరునై ఆరేళ్ళయింది. బస్సుల ఉద్యోగంలో అంతస్తులు తెలియనివారి కోసం చెబుతున్నాను. డ్రైవరు, కండక్టర్ల మీద కంట్రోలరు, కంట్రోలరు మీద ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన మేనేజరు. దారిలో బస్సు ఆపి టిక్కెట్లు తనిఖీ చేసేదీ, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు కావాలో లెక్క తీసేదీ ఇన్‌స్పెక్టరే. మా ఆయన ఇదే సంస్థలో డ్రైవరుగా ఉంటూ చనిపోయాక, 1996లో, నా ముప్పై నాలుగో ఏట నాకు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. ఆడమనిషి సంచీ తగిలించుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడితే జనం వింతగా చూసే రోజులవి. అక్కడి నుంచి ఇన్‌స్పెక్టరు దాకా వచ్చానంటే నా నోరు, నా మొండితనం రెండూ పనికొచ్చాయి. ఈ జ్ఞాపకంలో ఆ మొండితనమే దోషి.

ఆ ఏడాది మా డిపోలో పాతబడ్డ బస్సులు కొన్ని తుక్కుకు వెళ్ళిపోయాయి. కొత్తవి రాలేదు. పట్నాల మధ్య తిరిగే సర్వీసులకు బస్సులు చాలడం లేదు కాబట్టి, జనం ఎక్కని పల్లె రూట్లు ఏవో చూసి రెండు బస్సులు బయటికి తీయమని పైనుంచి మాట వచ్చింది. నెలాఖరుకల్లా నివేదిక చేరాలి. మా దగ్గర ప్రతి ట్రిప్పుకూ ఓఆర్ అని ఒక కొలత ఉంటుంది. బస్సులో ఉన్న సీట్లలో నూటికి ఎన్ని నిండాయన్నదే ఓఆర్. కండక్టరు మెషీనులో అది రోజూ నమోదవుతుంది గానీ, రూటు తీసేయాలంటే అది చాలదు. ఇన్‌స్పెక్టరు స్వయంగా వరుసగా మూడు రోజులు బస్సులో తిరిగి, ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని సర్వే షీటు నింపాలి. ఆ మూడు రోజులూ మామూలు రోజులై ఉండాలి. పండగలు, బందులు, తుపాన్లు ఉన్న రోజుల్లో సర్వే చెల్లదు. షీటు చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉంటుంది. మామూలుకు భిన్నంగా ఏమైనా కనిపిస్తే అందులో రాయాలి.

ఆ గడిని నేను ఎప్పుడూ ఖాళీగానే వదిలేసేదాన్ని. అలా వదలడం నాకు గర్వంగా ఉండేది. సర్వేకు వెళ్ళినప్పుడల్లా ప్రతి ఊరివాళ్ళూ ఏదో ఒకటి చెబుతారు. ఈవేళ పెళ్ళి ఉంది, అందుకే జనం లేరంటారు. నాట్లు పడుతున్నాయంటారు. నిన్న వచ్చి ఉంటే నిలబడడానికి చోటు ఉండేది కాదంటారు. నిజమూ ఉంటుంది, అబద్ధమూ ఉంటుంది. ఆడమనిషి కదా, కాస్త మెత్తగా ఉంటుందనుకుని నా దగ్గర ఇంకా ఎక్కువ చెప్పేవారు. అందుకని నేను మగ ఇన్‌స్పెక్టర్ల కన్నా గట్టిగా ఉండేదాన్ని. ‘ఆవిడ దగ్గర కుదరదు’ అని మా సిబ్బంది చాటున చెప్పుకునే మాట నా చెవిన పడితే లోలోపల మురిసిపోయేదాన్ని.

కొండవానివలస శృంగవరపుకోట దాటాక కొండల వైపు లోపలికి ఉంటుంది. విజయనగరం వెళ్ళే పెద్ద రోడ్డు మీది జంక్షన్ నుంచి ఊరికి ఆరు కిలోమీటర్లు. మధ్యలో మరో ఊరు లేదు. గెడ్డలనే వాగులు రెండు, జీడితోటలు, గోగు చేలు, చివర ఊరు. ఉదయం ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, మూడుసార్లు బస్సు వెళ్ళి తిరిగి వచ్చేది. ఆ రూటు డ్రైవరు సత్యం పదకొండేళ్ళుగా అదే బస్సు నడుపుతున్నాడు. ఊళ్ళో ఎవరికి ఏ మందుబిళ్ళ కావాలో, ఎవరి కూతురు కాలేజీలో క్యారియరు మరచిపోయిందో అతనికి తెలుసు. ఎవరైనా పొలం గట్టు మీద నుంచి పరుగెత్తుకు రావడం కనిపిస్తే బస్సు ఆపి ఉంచేవాడు. ఆ ఆపడం మీద నేనే రెండుసార్లు అతనికి మెమో ఇచ్చాను.

మొదటి రోజు ఉదయం ట్రిప్పులో ఊరి ముందుకు వచ్చేసరికి సత్యం బస్సును పొలిమేర దగ్గరే ఆపేశాడు. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా, రెండు కర్రలకు కట్టిన వేపమండల తోరణం ఉంది. దాని కింద పసుపు నీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. అవతల ఊరు కనిపిస్తోంది గానీ మనిషి అలికిడి లేదు.

“ఊరు కట్టీసినారమ్మా. అసిరితల్లి సంబరం. అయిదు రోజులు ఎవులూ పొలిమేర దాటరు. ఇక్కడ తిప్పేసుకోవాల,” అన్నాడు సత్యం.

నాకు అది కొత్త సంగతి కాదు. గరివిడి దగ్గర మా అమ్మ కన్నవారి ఊళ్ళోనూ ఆ ఆచారం ఉండేది. మూడేళ్ళకోసారి అమ్మవారి ఘటాలు ఎత్తిన నాటి నుంచి దింపేదాకా ఊళ్ళో ఉన్నవాళ్ళు ఊళ్ళోనే ఉండాలి, బయట ఉన్నవాళ్ళు బయటే ఉండాలి. ఎవరైనా కట్టు దాటితే ఊరికి కీడు. చిన్నప్పుడు ఒకసారి మా నాన్న ఆ రోజుల్లో అటు వెళ్ళి, తోరణం ఇవతల నిలబడి పుట్టింట్లో ఉన్న మా అమ్మతో గట్టిగా కేకలేసి మాట్లాడి తిరిగి వచ్చేశాడు. ఇంత తెలిసిన నేను, ఆ పొలిమేర దగ్గర బస్సు దిగి, గడియారం చూసుకుని, షీటులో ‘చివరి స్టేజీ: ఎక్కినవారు సున్న, దిగినవారు సున్న’ అని రాశాను. మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే.

సత్యం ఉండబట్టలేక, సర్వే వచ్చే వారానికి మార్చుకోమని అడిగాడు. సంత రోజున చూస్తే కూరగాయల గంపలతో కాలు పెట్టడానికి చోటు ఉండదని చెప్పాడు. నా పని నాకు నేర్పవద్దన్నాను. పల్లెవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవడం మానుకోమని కూడా అన్నట్టు గుర్తు.

రెండో రోజు ఉదయం పొలిమేర దగ్గర బస్సు తిప్పుతుంటే, రోడ్డు మీద నుంచి కాక పక్కన చేను గట్టు మీద నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మొహం కాస్త ఉబ్బి ఉంది. ఎడమ చేతికి మోచేతి కింద నరం తాడులా ఉబ్బి కనిపించింది. భుజాన గుడ్డసంచీ, సంచీలో ఆసుపత్రి ఫైలు. తోరణం వైపు తిరిగి దండం పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని బస్సెక్కాడు. బస్సులో నేను, సత్యం, కండక్టరు, ఆ మనిషి. నలుగురమే.

అతని పేరు అప్పలసూరి. రెండు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విజయనగరంలో డయాలసిస్. పొద్దున్న బస్సుకు వెళ్ళి, నాలుగు గంటలు మిషను దగ్గర పడుకుని, సాయంత్రం బస్సుకు ఇంటికి. రెండేళ్ళుగా ఇదే వరస. ఊరు కట్టిన రోజుల్లో ఎలా వచ్చావని అడిగాను. ఊరిపెద్ద పెదనాయుడు దగ్గరికి వెళ్ళి అడిగితే, మందుకెళ్ళేవాడికి కట్టు లేదనీ, తోరణం కింద నుంచి కాక గట్టు మీద నుంచి వెళ్ళి గట్టు మీద నుంచే రమ్మనీ చెప్పాడట.

“మా అమ్మోరు మంచిదమ్మా. మనిషి సచ్చిపోతాడంటే కాదనదు,” అన్నాడు నవ్వుతూ.

ఇంత అవస్థ ఎందుకు, ఆసుపత్రి దగ్గరే గది తీసుకోవచ్చు కదా అన్నాను. డాక్టర్లూ అదే అంటున్నారట. పల్లెలో అన్నీ బాగుంటాయని అతను చెప్పలేదు. వానాకాలంలో గెడ్డ పొంగితే రెండు రోజులు ఎటూ కదలలేమన్నాడు. తన పక్కింటి ఆమె నొప్పులు పడుతూ దారిలోనే బిడ్డను కన్నదన్నాడు. ఊళ్ళో తుమ్మినా దగ్గినా అందరికీ తెలిసిపోతుందనీ, తన రోగం సంగతి తన భార్యకన్నా ముందు రచ్చబండకు తెలిసిందనీ అన్నాడు. అన్నీ చెప్పి, చివరికి ఇలా అన్నాడు:

“అయినా గాని, మా ఊళ్ళో నేను రోగిష్టోణ్ణి కాదమ్మా. గట్టు మీద కూకుంటాను. వరిమళ్ళో నీరెంతున్నాదో సూస్తాను. ఎవుడో ఒకడు, ఏటి మావా, ఎలాగున్నావు అంటాడు. పట్నంలో గదిలో కూకుంటే నన్నెవుడు అడుగుతాడు? ఈ బస్సున్నాది కాబట్టి ఊళ్ళో ఉంతన్నాను. ఇది నేకపోతే నాకు ఊరు నేదన్నట్టే.”

తర్వాత నా చేతిలోని షీటు చూసి, ఏం రాస్తున్నానని అడిగాడు. ఎంతమంది ఎక్కారో రాస్తున్నానన్నాను. అతను చదువుకోలేదు గానీ సంగతి వెంటనే పట్టేశాడు.

“ఊరు కట్టీసినారని రాయమ్మా. అందుకే జనం నేరని రాసెయ్యి. నేకపోతే మీ పెద్దోళ్ళు మా ఊళ్ళో మనుషులే నేరనుకుంటారు.”

“చూస్తాను,” అన్నాను.

సాయంత్రం అదే బస్సులో తిరిగి వచ్చి, నీరసంగా గట్టు ఎక్కి వెళ్ళిపోయాడు. మూడో రోజు మళ్ళీ సున్నలే. మూడు రోజులు, తొమ్మిది ట్రిప్పులు, కొండవానివలస నుంచి ఒకే ఒక్క ప్రయాణికుడు. విశేషాల గడి ఎప్పటిలాగే ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.

ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. రాస్తే ఆ సర్వే చెల్లకుండా పోతుంది, మళ్ళీ మూడు రోజులు తిరగాలి, నెలాఖరు గడువు దాటుతుంది. ఇది ఒక కారణం. ప్రభుత్వ క్యాలెండరులో ఆ రోజులు సెలవులు కావు, కాబట్టి కాగితం ప్రకారం అవి మామూలు రోజులేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇది రెండోది. అసలు సంగతి ఇవేవీ కావు. అమ్మవారి తోరణం చూసి సర్వే ఆపేసిందంటే మేనేజరు గదిలో నవ్వుతారని భయపడ్డాను. పల్లె నుంచి వచ్చిన ఆడది కదా, ఇంకేం చేస్తుందని అంటారనుకున్నాను. ఆ మాట పడకూడదని నిజం దాచాను. అతను అబద్ధం చెబుతున్నాడని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

జూన్ మొదటి తేదీ నుంచి కొండవానివలస ట్రిప్పులు మూడూ రద్దయ్యాయి. బస్సును జంక్షన్ నుంచే వెనక్కి తిప్పి, మిగిలిన సమయాన్ని పట్నం సర్వీసుకు కలిపారు. పది రోజులకు ఊరి నుంచి సర్పంచి, మరో నలుగురు వేలిముద్రలతో, సంతకాలతో అర్జీ పట్టుకుని డిపోకు వచ్చారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. మేనేజరు షీటు తీసి వారికి చదివి వినిపించారు. ఫలానా తేదీల్లో మూడు రోజులు మా ఇన్‌స్పెక్టరు స్వయంగా తిరిగింది, మీ ఊళ్ళో ఎక్కింది ఒకే ఒక్కరు, ఆ ఒక్కరి కోసం బస్సు నడపలేం అన్నారు. అవి కట్టు రోజులని వాళ్ళు చెప్పబోయారు. ఆ సంగతి ఇందులో లేదే అని మేనేజరు ఖాళీ గడి చూపించారు. వాళ్ళు అర్జీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను గదిలోంచి బయటికి రాలేదు. వచ్చి, అది నిజమేనండీ అని ఒక్క మాట అంటే అప్పుడైనా సరిపోయేది.

వాళ్ళు ఊరికి పట్టుకెళ్ళిన మాట ఏమిటో నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది.

2018 ఫిబ్రవరిలో మా చెల్లెలికి కంటి పరీక్ష చేయించడానికి విజయనగరంలో ఆసుపత్రికి వెళ్ళాను. గేటు ముందు టీ బడ్డీ దగ్గర ఎవరో, “ఇనస్పెట్రమ్మా!” అని పిలిచారు. తిరిగి చూస్తే అప్పలసూరి. మొహం ఉబ్బు తగ్గింది, మనిషి మాత్రం సగమయ్యాడు. ఆ వెనక సందులోనే గది తీసుకున్నామని, వచ్చి టీ తాగి వెళ్ళాలని పట్టుబట్టాడు. చెల్లెలిని చూపించి, ఇంటికి పంపించి వెళ్ళాను.

ఒకటే గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అతని భార్య గౌరమ్మ ఒక హాస్టలు వంటశాలలో పనికి కుదిరింది. ఆవుల్ని, కౌలు చేనును వదిలేసి వచ్చేశారు. ఆసుపత్రి అయిదు నిమిషాల నడక. డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పడం లేదనీ, డాక్టర్లు సంతోషంగా ఉన్నారనీ అప్పలసూరే చెప్పాడు. వానొచ్చినా ఎండొచ్చినా భయం లేదన్నాడు. అంతా విని, అయితే ఒక విధంగా మంచిదే అయిందన్నాను. నా తప్పును నేనే తేలిక చేసుకోవాలని అన్న మాట అది.

గౌరమ్మ స్టవ్ దగ్గర నుంచి తిరిగి చూసింది. “బస్సు పోయిందని రానేదమ్మా మేము. బస్సు పోతే బండి మీద ఎవుడో ఒకడు దించుతాడు. దించినారు కూడాను, మొదట్లో. ఊరోళ్ళ నోటికి జడిసి వొచ్చీసినాం,” అంది.

అప్పుడు అప్పలసూరి చెప్పాడు. డిపోకు వెళ్ళి వచ్చినవాళ్ళు ఊళ్ళో చెప్పిన మాట ఒక్కటే. ఆ మూడు రోజుల్లో ఒకే ఒక్కడు బస్సెక్కాడట, అందుకే బస్సు పోయిందట. ఆ ఒక్కడు ఎవరో ఊరందరికీ తెలుసు. కట్టు దాటినవాడు ఎక్కిన బస్సు, మూణ్ణెల్లు తిరక్కుండా ఊరికి రావడం మానేసింది. అంతే, ఊరివాళ్ళ మనసులో రెండూ కలిసి అమ్మవారి కోపమయ్యాయి. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. పెళ్ళిళ్ళకు బొట్టు పెట్టి పిలవడం మానేశారు. గౌరమ్మ కుళాయి దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. జంక్షన్ దాకా తిప్పే ఆటో అతను సగం ఖాళీగా ఉన్నా నిండిపోయిందనేవాడు. బండి మీద దించే కుర్రాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. పెదనాయుడు అనుమతి ఇచ్చిన సంగతి అప్పలసూరి ఒకరిద్దరితో అన్నాడు గానీ, పెదనాయుడు నోరు విప్పలేదు. పెద్దమనిషిని నలుగురిలో నిలదీయడం అప్పలసూరికి చేతకాలేదు.

“ఆళ్ళ తప్పేటున్నాదమ్మా. నేను కట్టు దాటినాను. నా పేణం కోసం ఊరికి బస్సు పోగొట్టినాను. సదువుకునే ఆడపిల్లలు నడిసి ఎల్తన్నారు. నేను అక్కడెలాగుంటాను?” అన్నాడు.

నేను ఆ గదిలో చాప మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. బస్సు పోయింది అమ్మవారి వల్ల కాదనీ, అతని వల్లా కాదనీ, ఊరు కట్టారన్న మాట నేను రాయకపోవడం వల్లనేననీ చెప్పాను. రాసి ఉంటే ఆ సర్వే చెల్లేది కాదని, బస్సు ఉండేదని చెప్పాను.

అతను నమ్మలేదు. “నువ్వు మంచిదానివమ్మా. నా మనసు కుదుటపడాలని తప్పు నీ మీదేసుకుంతన్నావు,” అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. ఒక గడిలో రాయకపోతే బస్సు ఆగిపోతుందన్నది అతనికి నమ్మశక్యంగా లేదు. అమ్మవారి కోపం అతనికి అంతకన్నా అర్థమయ్యే కారణం.

గౌరమ్మ నమ్మింది. గ్లాసు నా ముందు పెట్టి, “నాకు సెప్తే ఏటి లాభమమ్మా? మా ఊరికొచ్చి సెప్పు. పెదనాయుడు అరుగు మీద నిలబడి, అందరూ వింతన్నప్పుడు సెప్పు. అప్పుడు ఈయన్ని నేను ఊరు తీసుకెల్లిపోతాను. వొస్తావా?” అంది.

వస్తానన్నాను. వెళ్ళలేదు.

వెళ్ళి చెబితే, నలుగురిలో ఒకడు దాన్ని కాగితం మీద పెడితే, తప్పుడు సర్వే చేసినందుకు నా మీద చార్జిషీటు వస్తుంది. అది ఇన్‌స్పెక్టరుకు చిన్న సంగతి కాదు. నేనొక్కదాన్ని సంపాదించి నిలబెట్టుకున్న ఇల్లు, పేరు, ఉద్యోగం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. దానికి బదులు ఆ నెలలోనే కొండవానివలసకు మళ్ళీ సర్వే చేయించాలని ఒక నోటు పెట్టాను. ఆ నోటులో కూడా నిజం రాయలేదు. ‘ప్రయాణికుల విజ్ఞప్తి మేరకు’ అని రాశాను. బస్సు అప్పటికే వేరే రూటులో స్థిరపడిపోయింది. పరిశీలిస్తామని రాసి నోటు తిప్పి పంపారు. చేయవలసింది చేశానని కొన్నాళ్ళు అనుకున్నాను. ఆ సందు వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

2019 దసరా వెళ్ళాక అప్పలసూరి పోయాడని సత్యం చెప్పాడు. ఆ గదిలోనే పోయాడట. గుండె ఆగిందన్నారు. ఊరి నుంచి ఇద్దరు బంధువులు వచ్చి, పట్నంలోనే దహనం చేయించి వెళ్ళారట.

2024 మేలో నేను రిటైరయ్యాను. మరుసటి నెలలో ఒకనాటి ఉదయం ఆటోలో కొండవానివలస వెళ్ళాను. ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి వెళ్ళానన్న సంగతి నాకు తెలుసు. దాన్ని ధైర్యం అనను. రోడ్డు బాగుపడింది. ఇంటింటికీ ఒక మోటారు సైకిలు ఉంది. పెదనాయుడు ఎనభై దాటి, చెవులు మందగించి, అరుగు మీద మంచంలో ఉన్నాడు. నలుగురైదుగురు పోగయ్యారు. నేను ఎవరినో, ఎప్పుడు వచ్చానో, ఏం రాశానో, ఏం రాయలేదో చెప్పాను. అప్పలసూరి వల్ల బస్సు పోలేదని, నా వల్ల పోయిందని రెండుసార్లు చెప్పాను. పెదనాయుడికి వినపడేలా ఇంకోసారి గట్టిగా చెప్పాను.

అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, “ఆణ్ణి ఎల్లమని సెప్పింది నేనేనమ్మా. ఆ ముక్క నేనూ సెప్పనేదు. ఊరంతా ఒక మాటనుకుంతంటే మధ్యలో నేనేటి సెప్తాను అనుకున్నాను,” అన్నాడు. అక్కడున్నవాళ్ళలో ఎవరూ ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. ఒక యువకుడు, అయితే బస్సు మళ్ళీ వేయిస్తారా అని అడిగాడు. ఆ అధికారం ఇప్పుడు నాకు లేదన్నాను. టీ ఇచ్చారు. మర్యాదగానే సాగనంపారు.

విజయనగరంలో దిగి గౌరమ్మ పనిచేసే హాస్టలుకు వెళ్ళాను. ఊరికి వెళ్ళి అందరి ముందూ చెప్పి వచ్చానన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని విని, “బతికుండగా సెప్పుంటే మా ఊళ్ళోనే పోయేవోడు కదమ్మా,” అని వంటశాలలోకి వెళ్ళిపోయింది. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కొత్తగా ఇన్‌స్పెక్టర్లయిన వాళ్ళు అప్పుడప్పుడు నన్ను సలహాలడుగుతారు. వాళ్ళకు నేను చెప్పేది ఇది. పట్నంలో ఒక సర్వీసు రద్దయితే జనం సంస్థను నాలుగు తిట్టి ఇంకో బస్సెక్కుతారు. పల్లెలో అలా కాదు. అక్కడ మనుషులు ఒకరినొకరు బాగా ఎరుగుదురు. బాగున్నన్నాళ్ళూ ఆ ఎరుకే మనిషిని మోస్తుంది. ఏదైనా పోయిందంటే మాత్రం, అది ఎవరి వల్ల పోయిందో తేలేదాకా వాళ్ళు ఊరుకోరు. అందుకని ఏ పల్లెకైనా నిర్ణయం పంపేటప్పుడు దాని కారణం పూర్తిగా రాసి పంపాలి. మనం రాయని కారణాన్ని ఆ ఊళ్ళో ఎవరో ఒకరి మీద పెడతారు. కొండవానివలసలో అది, ఆ మూడు రోజుల్లో నాకు నిజం చెప్పిన ఒకే ఒక్క ప్రయాణికుడి మీద పడింది.